కీలెస్ ఎంట్రీ, పుష్ బటన్ స్టార్ట్ ఉన్న కారు తీసుకోవచ్చా? వాడినవాళ్ల మాటలు, నేను చూసినవి

మీరు అడిగింది ఇదీ. కొత్త కారు చూస్తున్నారు, పై వేరియంట్‌లో కీలెస్ ఎంట్రీ (కీ జేబులోనే ఉంచి డోర్ తీయడం), పుష్ బటన్ స్టార్ట్ (బటన్ నొక్కి ఇంజన్ స్టార్ట్ చేయడం) ఉన్నాయి, కింది దాంట్లో మామూలు కీ. వాడుతున్నవాళ్లని అడిగితే ఒకాయన అది లేకుండా ఇక ఉండలేనన్నాడు, ఇంకొకాయన దొంగలు నిమిషంలో తీసుకుపోతారన్నాడు, మీ బావగారేమో కీలోని సెల్ అయిపోతే నడిరోడ్డు మీద నిలబడటమే అన్నారు. వీళ్లలో ఎవరి మాట వినాలి అని.

నేను కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను. ఇరవై ఏళ్లు దాటింది, అందులోనూ లాకులు, ఇమ్మొబిలైజర్లు (సరైన చిప్ ఉన్న కీ లేకపోతే ఇంజన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటు), కీ ప్రోగ్రామింగే ఎక్కువ. నన్నడిగితే ఆ ముగ్గురూ అబద్ధం చెప్పలేదు, కానీ అసలు సంగతి ముగ్గురూ వదిలేశారు. కారుకి మీరెవరో తెలియదు. మీరు లోపల కూర్చున్నారా, ఇంట్లో పడుకున్నారా అన్నదీ తెలియదు. దానికి తెలిసిందల్లా కీ దగ్గర్లో ఉన్నట్టుంది అన్న ఒక్క ముక్క. ఉంది అని కాదు, ఉన్నట్టుంది అని. ఈ చిన్న తేడాలోంచే సుఖమూ వచ్చింది, గొడవలన్నీ వచ్చాయి.

ఎలాగో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి. డోర్ హ్యాండిళ్లలో, క్యాబిన్‌లో, డిక్కీ దగ్గర చిన్న యాంటెన్నాలు ఉంటాయి. మీరు హ్యాండిల్ మీద చెయ్యి వేయగానే కారు తక్కువ ఫ్రీక్వెన్సీలో, సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ దగ్గర, ఒక పిలుపు పంపుతుంది. ఆ పిలుపు కావాలనే మీటరు, మీటరున్నర కంటే దూరం పోకుండా చేస్తారు. జేబులో నిద్రపోతున్న కీ అది విని లేచి, కారు అడిగిన ప్రశ్నకి రహస్య లెక్క వేసి, 315 లేదా 433 మెగాహెర్ట్జ్‌లో జవాబిస్తుంది. ఈ జవాబు పదుల మీటర్లు పోగలదు. పిలుపు వినిపించింది కాబట్టి కీ దగ్గరే ఉండాలి అనేది కారు లెక్క. గమనించారా, ఇందులో ఎక్కడా దూరం కొలవలేదు. సిగ్నల్ బలాన్ని బట్టి ఊహించింది, అంతే.

ఇదేమీ నిన్న మొన్నటి సరుకు కాదు. 1993లోనే షెవ్రొలే కార్వెట్‌లో దగ్గరికొస్తే తెరుచుకుని, దూరమైతే లాక్ అయ్యే ఏర్పాటు ఉంది. 1990ల చివర్లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో బటన్‌తో స్టార్ట్ చేయడం కూడా కలిసి వచ్చింది. తర్వాత పదేళ్లలో చిన్న కార్లదాకా దిగింది.

ఇక ఓనర్ల మాట. మెచ్చుకునేవాళ్లు చెప్పేది ఒకటే: కీ అనేది ఉందన్న సంగతే మర్చిపోతాం. ఒక చేతిలో సామాన్లు, ఇంకో చేతిలో పిల్లాడు, పైన వాన. ఆ సమయంలో బ్యాగు అడుగున చెయ్యి పెట్టి వెతకక్కర్లేకపోవడం చిన్న విషయమేమీ కాదు. వేళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కీ తిప్పడమే కష్టం, వాళ్లకి బటన్ నిజంగా మేలు. నా దగ్గరికొచ్చే ఒకాయనకి రెండు బళ్లున్నాయి, ఒకటి కీలెస్, ఒకటి మామూలుది. మామూలు బండి దగ్గర నిలబడి కీ జేబులోనే ఉంచుకుని హ్యాండిల్ లాగుతూ లాక్ పాడైందని ఫోన్ చేశాడు నాకు. నవ్వుకున్నాం గానీ, అలవాటు ఎంత తొందరగా ఎక్కుతుందో చూడండి.

తిట్టేవాళ్ల సంగతి వేరు. దొంగతనమే పెద్ద ఫిర్యాదు అని బయటివాళ్లు అనుకుంటారు, కానీ నా దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమంది తిట్టేది అందుకు కాదు. లాక్ అయిందో లేదో చూద్దామని హ్యాండిల్ లాగితే, కీ జేబులోనే ఉంది కాబట్టి అది మర్యాదగా మళ్లీ తెరుచుకుంటుంది. మళ్లీ లాక్ చెయ్యి, మళ్లీ అనుమానం, మళ్లీ లాగు. ఈ టెన్షన్‌తో పార్కింగ్‌లో మూడు చుట్లు తిరిగేవాళ్లని చూశాను. దీనికి ఉపాయం ఏమంటే హ్యాండిల్ జోలికి పోకుండా ఇండికేటర్లు వెలిగాయా, అద్దాలు ముడుచుకున్నాయా అన్నది చూసుకోవడం. చాలా కార్లలో లాక్ చేశాక రెండు మూడు సెకన్లపాటు హ్యాండిల్ లాగినా తెరుచుకోని వెసులుబాటు ఉంటుంది, మాన్యువల్‌లో రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. ఈ చూసుకునే అలవాటు ఇంకో రకంగానూ పనికొస్తుంది. రిమోట్ బటన్‌తో లాక్ చేసేటప్పుడు ఎవరైనా జామర్ పెడితే ఆ సిగ్నల్ కారుదాకా చేరదు, మీరు లాక్ అయిందనుకుని వెళ్లిపోతారు.

కారు కడిగేటప్పుడు కీ జేబులో ఉంటే హ్యాండిల్ మీద నీళ్లు పడ్డప్పుడల్లా లాకులు టకటకమని పడుతూ లేస్తూ ఉంటాయి. దెయ్యం పట్టిందనుకోకండి. కీ లోపల పెట్టి రండి.

ఇప్పుడు నా సొంత తెలివితక్కువతనం ఒకటి. ఓ రోజు నేను ఇంజన్ ఆపకుండానే దిగాను, మా ఆవిడ డ్రైవింగ్ సీట్లోకి మారి వెళ్లిపోయింది. కీ నా జేబులో. బండి కీచుకీచుమని మొత్తుకుందట, సీటుబెల్టు అనుకుందట. ఇరవై కిలోమీటర్లు పోయింది, ఏ ఇబ్బందీ లేదు, బంకులో ఇంజన్ ఆపింది, అక్కడితో సరి. మళ్లీ స్టార్ట్ అవలేదు. తాళాల పనిచేసేవాడి ఇంట్లోనే ఇలా జరిగితే మిగతావాళ్ల సంగతేంటని ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. కీ దూరమైతే ఇంజన్ ఆగిపోవాలి కదా అని మీకు అనిపించొచ్చు. కావాలనే అలా పెట్టలేదు. వేగంగా పోతున్న బండిలో కీ సెల్ అయిపోయినా, ఫోన్ అడ్డొచ్చి సిగ్నల్ తెగినా ఇంజన్ చచ్చిపోతే అది ఇంకా పెద్ద ప్రమాదం. అందుకే అరుస్తుంది గానీ ఆపదు. కాబట్టి డ్రైవర్ మారినప్పుడు కీ ఎవరి దగ్గరుందో నోటితో అడగాలి, అరుపుని నమ్ముకుంటే లాభం లేదు.

దీనికే ఇంకో ముఖం ఉంది, అది నవ్వులాట కాదు. కీ జేబులో వేసుకుని, ఇంజన్ ఆపడం మర్చిపోయి ఇంట్లోకి వెళ్లిపోవడం. మామూలు కీ అయితే కీ తీయాలంటే ఇంజన్ ఆపక తప్పదు, ఆ పని దానంతటదే జరిగిపోయేది. బటన్ వచ్చాక ఆ ముడి తెగింది. ఇంటికి ఆనుకుని మూసిన గ్యారేజీ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి పాకుతుంది, దానికి వాసనా రంగూ లేవు. 2006 నుంచి అమెరికాలో ఇలా రెండు డజన్ల మందికి పైగా చనిపోయారని న్యూయార్క్ టైమ్స్ 2018లో రాసింది. ఆ తర్వాతి ఏడాది టొయోటా అక్కడి 2020 మోడళ్లలో చాలావాటికి కొంతసేపటికి ఇంజన్ దానంతటదే ఆగే ఏర్పాటు పెడతామని ప్రకటించింది, 2021లో అక్కడి చట్టంలోకి కూడా ఈ విషయం ఎక్కింది. ఇంజనూ, బ్యాటరీ మోటారూ రెండూ ఉండే హైబ్రిడ్ తీసుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆపేశామనుకుని దిగినప్పుడు ఇంజన్ నిశ్శబ్దంగానే ఉంటుంది, కానీ బండి ఇంకా ఆన్‌లోనే ఉంటుంది, బ్యాటరీ తగ్గగానే ఇంజన్ తనంతట తానే లేస్తుంది. అప్పటికి మీరు నిద్రలో ఉంటారు. కాబట్టి మీరు చూస్తున్న కారులో ఇంజన్ ఆటో షటాఫ్ ఉందా, ఎన్ని నిమిషాలకి అన్నది తప్పక అడగండి. షోరూమ్‌లో సన్‌రూఫ్ గురించి అరగంట చెప్తారు, ఈ మాట మాత్రం ఎత్తరు.

పరుగెత్తుతున్న బండిని బటన్‌తో ఆపడం ఎలాగో కూడా ముందే తెలుసుకోవాలి. 2009 ఆగస్టులో సాన్ డియాగో దగ్గర ఒక లెక్సస్‌లో యాక్సిలరేటర్ పెడల్ ఫ్లోర్ మ్యాట్‌లో ఇరుక్కుని నలుగురు చనిపోయారు. ఆ మోడల్‌లో పోతున్నప్పుడు ఇంజన్ ఆపాలంటే బటన్‌ని మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. కంగారులో ఎవరైనా టపటపా నొక్కి వదిలేస్తారు, మూడు సెకన్లు పట్టుకోవాలని ఎవరికి తోస్తుంది? ఇప్పటి కార్లలో చాలావరకు నొక్కి పట్టుకున్నా, వరసగా మూడు నాలుగు సార్లు నొక్కినా ఆగేలా పెడుతున్నారు, కానీ అన్నీ ఒకలా ఉండవు. మీ బండిలో ఏదో మాన్యువల్‌లో చూసి గుర్తుపెట్టుకోండి. అయితే మొదటి పని ఇంజన్ ఆపడం కాదు, న్యూట్రల్ చేసి బ్రేకు గట్టిగా, వదలకుండా తొక్కడం. ఇంజన్ ఆగిందంటే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు కూడా కాసేపట్లో బిగుసుకుంటుంది.

మీ బావగారి భయానికి వద్దాం. కీలో ఉండేది ఎక్కువగా సీఆర్2032 రకం 3 వోల్టుల సెల్, వాడకాన్ని బట్టి ఒకటి నుంచి మూడేళ్లు వస్తుంది. అది పూర్తిగా అయిపోయినా మీరు రోడ్డున పడరు. దాదాపు ప్రతి స్మార్ట్ కీలో ఒక లోహపు తాళంచెవి దాగి ఉంటుంది, పక్కనున్న చిన్న మీట నొక్కి లాగితే వస్తుంది. డ్రైవర్ వైపు హ్యాండిల్ దగ్గర దానికి రంధ్రం ఉంటుంది, చాలా కార్లలో ప్లాస్టిక్ మూత కింద. డోర్ తీశాక కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి బ్రేకు తొక్కి నొక్కితే స్టార్ట్ అవుతుంది. కొన్నింటిలో బటన్ దగ్గర కాకుండా కప్ హోల్డర్‌లోనో, స్టీరింగ్ కింద ఒక గుర్తు దగ్గరో పెట్టాలి. సెల్ లేకుండా ఎలా పనిచేస్తుందంటే, ఆ చోట ఉన్న కాయిల్ నుంచే కీలోని చిప్‌కి కరెంటు అందుతుంది, తాకించి చెల్లించే బ్యాంకు కార్డులో బ్యాటరీ లేకపోయినా పనిచేసినట్టే. ఈ పని ఒక్కసారి పగటిపూట, తీరిగ్గా చేసి చూడండి. చీకట్లో వానలో మొదటిసారి చేస్తే చెమటలు పడతాయి.

నా లెక్కలో కీ సెల్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి దోషి కీ కాదు, కారు 12 వోల్టుల బ్యాటరీ. డ్యాష్‌బోర్డు మీద లైట్లు మసకగా ఉన్నా, అసలు వెలగకపోయినా కీకి కొత్త సెల్ వేసి ప్రయోజనం లేదు, జంప్ స్టార్ట్ చేయాల్సిందే. ఫోన్, కీ ఒకే జేబులో ఉన్నా, వైర్‌లెస్ చార్జర్ పక్కనే కీ పెట్టినా పిలుపు వినిపించక కీ కనిపించడం లేదని చూపిస్తుంది. ముందు కీ పక్కకి జరిపి చూడండి, తర్వాత మెకానిక్‌ని పిలవండి. ఇంకో మాట, పిల్లలు మింగకుండా ఈ మధ్య కొన్ని బటన్ సెల్స్‌కి చేదు పూత వేస్తున్నారు. మంచి పనే, కానీ ఆ పూత వల్ల కొన్ని కీలలో కాంటాక్ట్ సరిగా ఆనదు. కొత్త సెల్ వేసినా పనిచేయకపోతే కీ పోయిందనుకోకుండా ఇంకో కంపెనీది వేసి చూడండి. పాత సెల్ మాత్రం పిల్లలకి అందకుండా పారేయండి, మింగితే గొంతు లోపల కాలిపోతుంది.

ఇక దొంగల సంగతి. మీకు చెప్పినాయన మాట ఊరికే పుట్టింది కాదు. 2011లో ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు 8 కంపెనీల 10 కార్ల మీద పరీక్షించి పదింటినీ తెరిచారు, స్టార్ట్ కూడా చేశారు. ఏ కోడూ ఛేదించలేదు. ఒక యాంటెన్నా కారు దగ్గర, ఇంకోటి కీ ఉన్న చోటికి దగ్గర్లో. కారు పిలుపుని మోసుకెళ్లి కీకి వినిపించారు, కీ తన నిజమైన జవాబు తానే చెప్పింది. కీ ఇంట్లో గుమ్మం పక్కన మేకుకి వేలాడుతుంటే, గోడ అవతల మనిషి నిలబడితే చాలు. జర్మనీ ఆటోమొబైల్ క్లబ్ ఏడీఏసీ తర్వాత వందల మోడళ్ల మీద ఇదే పరీక్ష చేసింది, వాటిలో ఎక్కువ శాతం ఇలాగే తెరుచుకున్నాయి. దూరం కొలవకుండా ఊహిస్తుందని ముందే చెప్పాను కదా, దొంగ వాడుకునేది ఆ ఊహనే.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. కంపెనీలు రెండు విరుగుళ్లు తెచ్చాయి. ఒకటి కీలో కదలికని పసిగట్టే సెన్సర్. కీ కదలకుండా ఉంటే నిద్రపోతుంది, ఎవరు పిలిచినా పలకదు. ఫోర్డ్ 2019లో ఫియెస్టా, ఫోకస్ కీలకి ఇలాంటిది పెట్టింది, 40 సెకన్లు కదలకపోతే నిద్ర. చవకైన ఉపాయం, ఇంట్లో పెట్టిన కీకి బాగా పనికొస్తుంది, నడుస్తున్న మనిషి జేబులో ఉన్నదానికి పనికిరాదు. రెండోది అల్ట్రా వైడ్‌బ్యాండ్. ఇది సిగ్నల్ బలాన్ని కాదు, వెళ్లి వచ్చిన సమయాన్ని కొలుస్తుంది. రేడియో తరంగం ఒక నానోసెకనులో సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది. దొంగ సిగ్నల్‌ని ఎంత బలంగానైనా పెంచొచ్చు గానీ, అసలు సమయం కంటే ముందుగా చేర్చలేడు. అసలు మందు ఇదేనని నా అభిప్రాయం. ల్యాండ్ రోవర్, బీఎండబ్ల్యూ లాంటివాళ్లు ముందుగా పెట్టారు, ఫోన్‌నే కీగా వాడే డిజిటల్ కీ ప్రమాణంలోకి 2021లో మూడో వెర్షన్‌తో వచ్చింది. కాకపోతే ఇంకా అన్ని కార్లలోకీ రాలేదు. సేల్స్‌వాళ్లని ఈ రెండింటిలో ఏది ఉందని అడగండి. తెల్లమొహం వేస్తే సర్వీస్ మేనేజర్‌ని అడగండి.

అయితే రెండూ లేని బండి తీసుకోకూడదా? తీసుకోవచ్చు, రాత్రిపూట కీని సిగ్నల్ అడ్డుకునే పౌచ్‌లో పెట్టుకోండి. కొన్న రోజే పరీక్షించాలి: కీ పౌచ్‌లో పెట్టి, పౌచ్ చేత్తో పట్టుకుని డోర్ లాగండి, తెరుచుకుంటే అది పౌచ్ కాదు, ఉత్త సంచి. లోపలి లోహపు జాలీ మడతల దగ్గర చిట్లుతుంది కాబట్టి నెలకోసారి మళ్లీ చూడాలి. గట్టిగా మూతపడే రేకు డబ్బా కూడా చాలాసార్లు పనిచేస్తుంది, దానికీ అదే పరీక్ష. మైక్రోవేవ్‌లో పెట్టమని కొందరు సలహా ఇస్తారు, దయచేసి వద్దు, ఎవరో ఒకరు చూసుకోకుండా ఆన్ చేస్తారు. రెండో కీని కూడా పౌచ్‌లోనే పెట్టాలి, దాన్ని బయట వదిలేసి మొదటిదాన్ని దాచేవాళ్లు చాలామంది. కొన్ని కార్లలో సెట్టింగ్స్‌లోనో, కీ మీద బటన్లు కలిపి నొక్కో కీలెస్ ఎంట్రీని ఆపేయొచ్చు. కానీ డోర్ వరకే ఆగి, బటన్ స్టార్ట్ అలాగే ఉండే బళ్లూ ఉన్నాయి, అది చూసుకోవాలి.

పౌచ్‌తో అంతా అయిపోయిందనుకోకండి. కీతో అసలు పనిలేని దొంగతనాలు కూడా ఉన్నాయి. డ్యాష్‌బోర్డు కింద మెకానిక్‌లు లోపాలు చూడటానికి వాడే డయాగ్నస్టిక్ పోర్టు ఉంటుంది, దానికి పరికరం తగిలించి కొత్త కీని కారుకి నమోదు చేసుకోవడం ఒకటి. హెడ్‌లైటు దగ్గరి వైర్లలోకి దూరి, కీ సరైనదే అన్న సందేశాన్ని నేరుగా కారు నెట్‌వర్క్‌లోకి పంపడం ఇంకోటి, ఈ రెండో దాని వివరాలు 2023లో బయటకొచ్చాయి. వీటికి పాతకాలపు స్టీరింగ్ లాక్ రాడ్డే మేలు. చూడటానికి మోటుగా ఉంటుంది, దొంగకి అదే చిరాకు.

అలాగని మామూలు కీ ఉన్న కింది వేరియంట్ భద్రం అని కూడా అనుకోవద్దు. అమెరికాలో 2021, 22 ప్రాంతంలో కియా, హ్యుందాయ్ కార్లు విపరీతంగా పోయాయి. పోయినవి కీ తిప్పి స్టార్ట్ చేసేవే, ఇమ్మొబిలైజర్ చిప్ లేనివి. స్టీరింగ్ కింద కవర్ ఊడదీసి యూఎస్‌బీ కేబుల్ మొనతో తిప్పేశారు. అదే కంపెనీల పుష్ బటన్ కార్లలో ఇమ్మొబిలైజర్ ఉండటంతో ఈ ఉపాయం వాటి మీద పారలేదు. కాబట్టి కింది వేరియంట్ తీసుకున్నా, అందులో ఇమ్మొబిలైజర్ ఉందా అన్నది మొదటి ప్రశ్న కావాలి.

నా సలహా: పై వేరియంట్‌లో మిగతా సామగ్రి కూడా మీకు పనికొచ్చేదైతే తీసుకోండి, కీలెస్ ఉందని భయపడి మానుకోవద్దు. దీని ఒక్కదాని కోసమే అంత తేడా కట్టాలంటే నేనైతే కట్టను. ఇంట్లో మతిమరుపున్నవాళ్లు నడిపే బండైతే, మూసిన గ్యారేజీ ఉంటే, ఆటో షటాఫ్ లేని మోడల్ అసలు వద్దు.

తీసుకున్నాక రెండు కీలూ మీ చేతికిచ్చారో లేదో చూసుకుని, రెండోదాన్ని అల్మారాలో పడేయకుండా నెలకి ఒకసారైనా వాడండి. ఒక కీ పోయినప్పుడు రెండోది ఉంటే కొత్తది చేయించడం తేలిక. రెండూ పోతే కొన్ని మోడళ్లకి లాకు మాడ్యూలే మార్చాల్సి వస్తుంది, బండి రోజుల తరబడి అక్కడే పడి ఉంటుంది. కొత్త కీని కారుకి నమోదు చేయించేటప్పుడు ఉన్న కీలన్నీ తీసుకెళ్లండి, కొన్ని కార్లలో ఆ సమయానికి ఎదురుగా లేని పాత కీ చెల్లకుండా పోతుంది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి ఇదే ఉపాయంగా పనికొస్తుంది, పాత ఓనర్ దగ్గర మిగిలిన కీ ఏదైనా ఉంటే చెల్లకుండా చేయించొచ్చు.

మీ బావగారిది కూడా పుష్ బటన్ బండే అయితే, ఆ కీలో దాగిన తాళంచెవి ఎలా బయటికొస్తుందో ఒకసారి తీసి చూపించమనండి. తీయలేకపోతే నాకు మోడల్ పేరు పెట్టండి, చెప్తాను.